కాన్సరు గోడపటం: ఒక విమర్శ

ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 4వ తేదీన ప్రపంచ కాన్సరు దినాన్ని, నవంబరు 7వ తేదీన జాతీయ కాన్సరు అవగాహన దినాన్ని జరుపుకొంటున్నాము. ఆ రోజులలో ఏలూరులోగాని, తాడేపల్లిగూడెంలోగాని, కొల్లేటి ఒడ్డున ఉన్న ఏ పెద్ద గ్రామంలోగాని ఉన్నత పాఠశాలకు వెళితే, విద్యార్థులు అట్టమీద రంగులతో వ్రాసిన గోడపటం ఒకటి కనబడుతుంది. నడుమ పీత బొమ్మ ఉంటుంది. ఒక ప్రక్క ‘కారణాలు’ అనే పట్టిక, రెండవ ప్రక్క ‘ఏడు హెచ్చరికలు’ అనే పట్టిక, అడుగున పెద్ద అక్షరాలతో ‘తొలిదశలో కనుగొంటే కాన్సరు నయమవుతుంది’ అనే వాక్యం ఉంటవి. వ్యాసరచన పోటీలలోను, సభలలో ఉపన్యాసాలలోను ఈ మూడు భాగాలే మళ్లీ మళ్లీ వినవస్తవి.

ఇట్టి పటాన్ని తేలికగా చూడరాదు. పూర్వం మన పల్లెలలో ఈ వ్యాధిని రాచపుండు అనేవారు. ఆ పేరు ఎత్తడానికే భయపడేవారు. ఇంట్లో ఒకరికి వచ్చినదంటే ఇరుగు పొరుగుకు తెలియకుండా దాచేవారు. దాచిన జబ్బు ముదిరిన తరువాతనే వైద్యుని గుమ్మం తొక్కేది. ఆ మౌనాన్ని పోగొట్టి, పదిమంది చూచే గోడమీద వ్యాధి పేరు వ్రాయించడం మంచి పని. అంతమాత్రాన ఆ పటాన్ని విమర్శించకుండా వదలివేయడం సైన్సు ఉపాధ్యాయునికి తగదు. పిల్లవాడు బడిలో చదివినది సాయంకాలం ఇంటికి వెళ్లి అమ్మతోను, అమ్మమ్మతోను చెబుతాడు. ఆ మాటలో పొరపాటు ఉంటే దాని ఫలితం అనుభవించేది వాళ్లే. కనుక ఈ పటాన్ని ఒక్కొక్క భాగమే తీసుకొని పరిశీలిద్దాము.

హెచ్చరికలు ఎప్పుడు వస్తవి?

ఏడు హెచ్చరికల పట్టిక అమెరికన్ కాన్సర్ సొసైటీవారు ప్రచారం చేసినది. మలమూత్ర విసర్జనలో మార్పు, మానని పుండు, అసాధారణమైన రక్తస్రావం, రొమ్ములోగాని మరెక్కడైనాగాని గడ్డ, మ్రింగడంలో కష్టం లేదా తగ్గని అజీర్ణం, పుట్టుమచ్చలో మార్పు, వదలని దగ్గు లేదా గొంతు బొంగురు - ఇవి ఆ ఏడు. వీటిలో ఏది కనబడినా వైద్యునికి చూపించుకోవాలనడం సరియైన సలహాయే. వీటికి ‘తొలిదశ లక్షణాలు’ అని శీర్షిక పెట్టడమే పొరపాటు. ఇందులో పెక్కు లక్షణాలు కాన్సరు కణాలు తమ హద్దులు దాటి ప్రక్క కణజాలంలోకి చొచ్చుకొనిపోయిన తరువాత కనబడేవి.

ఇక్కడ రెండు వేరువేరు పనులు ఉన్నవి. లక్షణాలు కనబడిన మనిషిలో జాప్యం లేకుండా వ్యాధిని నిర్ణయించి చికిత్స మొదలుపెట్టడం ఒకటి. ఏ బాధా లేకుండా తిరుగుతున్న మనిషిని పరీక్షించి, కాన్సరును గాని, కాన్సరుగా మారగల మార్పును గాని ముందే పట్టుకోవడం రెండవది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటిని వేరు వేరు కార్యక్రమాలుగా చూస్తున్నది. మొదటిదానికి రోగి తొందరపడి రావాలి. రెండవదానికి ఆరోగ్యవంతుడు రావాలి. మన గోడపటం ఈ రెండింటిని కలిపివేసినందువల్ల ‘నాకు ఏడింటిలో ఒక్కటీ లేదు, కనుక నాకు పరీక్షతో పనిలేదు’ అని చదివినవారు అనుకొనే ప్రమాదం ఉన్నది.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. మన తెలుగుదేశపు తీరంలోనే దీనికి తార్కాణం ఉన్నది. ఏలూరునుండి ఉత్తరంగా గోదావరి దాటి, విశాఖపట్నం, శ్రీకాకుళం తీరాలకు పోతే, చుట్టను తిరగవేసి, నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకొని పొగ పీల్చే అలవాటు తరతరాలుగా ఉన్నది. దీనిని అడ్డపొగ అంటారు. ముఖ్యంగా స్త్రీలలో ఈ అలవాటు ఎక్కువ. నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా తగిలేది అంగిలికి. అంగిలి కాన్సరు లోకంలో అరుదైనది. కాని ఈ తీరంలో అది అరుదు కాలేదు. ఈ అలవాటుకు, ఆ కాన్సరుకు గల సంబంధాన్ని 1957లో రెడ్డి, రావు అనే ఇద్దరు వైద్యశాస్త్రజ్ఞులు ఒక భారతీయ వైద్య పత్రికలో వివరించారు. తరువాత బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థవారు, డెన్మార్కు దేశస్థుడైన పిండ్‌బోర్గ్ పండితుడు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రకటించారు. వారు చూచినవారిలో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ త్రాగేవారే.

ఆ పరిశోధకులు చూచినవి ఎక్కువగా పుండ్లు కావు. అంగిలి తెల్లబారడం, దానిమీద ఎర్రని చుక్కలు గల చిన్న బుడిపెలు, తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు - ఇట్టివి. ఇవి సాధారణంగా నొప్పి పెట్టవు, రక్తం కారవు, మ్రింగుడుకు అడ్డు రావు. ఏడు హెచ్చరికలలో ఒక్కటి కూడా వీటికి వర్తించదు. వీటిలో కొన్ని మాత్రమే, అదీ సంవత్సరాలు గడిచిన తరువాత, కాన్సరుగా మారుతవి. అంటే నిజమైన తొలిదశ ఇదే. ఈ దశలో దీనిని కనుగొనడానికి కావలసినవి ఒక చేతిదీపం, నోటిలోకి చూడడం తెలిసిన ఒక మనిషి, నోరు తెరవడానికి సిగ్గుపడని ఒక అవ్వ, అంతే.

గర్భాశయ ముఖద్వార కాన్సరు సంగతీ ఇట్టిదే. దీనికి మూలం పాపిల్లోమా అనే వైరసు జాతి. ఈ విషయం కనుగొన్నందుకు జర్మనీ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానం లభించినది. వైరసు సోకినవారిలో అత్యధికులకు శరీరమే దానిని ఒకటి రెండు సంవత్సరాలలో తొలగించుకొంటుంది. కొందరిలో మాత్రం అది నిలిచిపోయి, పది, పదిహేను సంవత్సరాల కాలంలో మెల్లగా కణాలను మారుస్తుంది. ఆ కాలమంతా స్త్రీకి ఏ బాధా ఉండదు. రక్తస్రావం కనబడేసరికి పది సంవత్సరాల అవకాశం చేయిజారిపోయి ఉంటుంది. ఆ వ్యవధిలో పరీక్ష కష్టమైనదా అంటే కాదు. పలుచని ఎసిటికామ్లం, అనగా వంటలో వాడే వినెగరు వంటి ద్రవం, దూదితో అద్ది ఒక నిమిషం ఆగితే మారిన భాగం తెల్లబడి కంటికి కనబడుతుంది. వైరసు ఉన్నదో లేదో చెప్పే ప్రయోగశాల పరీక్ష ఇంతకంటే నమ్మకమైనది.

ముప్పై ఏండ్లు నిండినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని కేంద్ర ప్రభుత్వ నియమావళి 2016లోనే నిర్దేశించినది. ఐనా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 30-49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకొన్నవారు నూటికి 1.9 మంది. రొమ్ము పరీక్షకు 0.9, నోటి పరీక్షకు 0.9. ఇందుకు ఆసుపత్రుల దూరం, సిగ్గు, పని తీరకపోవడం మొదలైన కారణాలు ఎన్నో ఉంటవి. వాటికి మన పాఠం ఇంకొకటి చేర్చకూడదు. బాధ లేనప్పుడే పరీక్షకు వెళ్లాలి అనే ముఖ్యమైన మాట ఏడు హెచ్చరికల పటంలో ఎక్కడా లేదు.

తూకం లేని పట్టిక

ఇక రెండవ భాగం, కారణాల పట్టిక. పొగాకు, మద్యం, కారం, నూనె వంటకాలు, ప్లాస్టిక్, సెల్‌ఫోను, రంగులు కలిపిన మిఠాయి, కాలుష్యం, మానసిక ఆందోళన - ఇట్లా ఒకదాని క్రింద ఒకటి, ఒకే పరిమాణం గల అక్షరాలలో ఉంటవి. వీటిలో కొన్ని నిర్ధారణ అయినవి, కొన్ని కానివి. నిర్ధారణ అయినవాటిలో కూడా కొన్ని కొండంత, కొన్ని ఆవగింజంత. పదింటిని ఒకే వరుసలో నిలబెడితే చదివినవాడు ‘అన్నీ కాన్సరే, ఏది మానుతాం’ అని అన్నింటిని సమానంగా వదలివేస్తాడు.

2020లో ప్రకటించిన జాతీయ కాన్సరు రిజిస్ట్రీ నివేదిక అంచనా ప్రకారం, దేశంలోని కాన్సరులన్నింటిలో పొగాకుతో సంబంధం గలవి నూటికి 27.1. పట్టికలో ఉన్న మరే మాటకు ఇంతటి బరువు లేదు. ఈ మాట మన ప్రాంతంలో చెప్పడం అంత సులభం కాదు. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి మెట్టభూములలో వర్జీనియా పొగాకు పండుతుంది. అక్కడ పొగాకు వేలం కేంద్రాలు ఉన్నవి. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వెలసినది. తరగతిలో కూర్చున్న పిల్లలలో కొందరి ఇళ్లలో బ్యారన్ మంటమీదనే సంవత్సరపు జమాఖర్చులు ఆధారపడి ఉంటవి. అందువల్ల ఉపాధ్యాయుడు ఆ మాటను పట్టికలో ఒక మూలకు నెట్టి సరిపెట్టుకోరాదు. పంట వేసే రైతు ఎవరికీ శత్రువు కాడు. ఐతే పొగాకు కాన్సరు కలిగిస్తుందనే నిజం రైతు అవసరాన్నిబట్టి మారదు. ఈ రెండు మాటలనూ ఒకే తరగతిలో చెప్పడం సాధ్యమే.

ఈ పట్టికలో ఉండవలసినది ఒకటి తరచు లోపిస్తున్నది. అది వక్క. వక్కలో పొగాకు కలపకపోయినా వక్కే స్వయంగా మనుషులలో కాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ నిర్ధారించినది. వక్క నమలడం వల్ల బుగ్గలోపలి పొర మెల్లగా గట్టిపడి నారబారుతుంది. నోరు తెరుచుకోవడం రోజురోజుకు తగ్గుతుంది. కారం తగిలితే మంట పుడుతుంది. చిన్న సంచులలో అమ్మే తీపి వక్కపొడి కొనుక్కొనే విద్యార్థికి ఈ సంగతి తెలియాలి. సిగరెట్టు త్రాగడం తప్పని తెలిసిన పిల్లవాడు వక్కపొడిని మిఠాయి అనుకొంటాడు గదా.

పై సంస్థ ప్రకటించే వర్గీకరణను గురించి కూడా ఒక మాట చెప్పాలి. పత్రికలలో ‘ఫలానా పదార్థం పొగాకు ఉన్న వర్గంలోనే చేరినది’ అనే వార్త వచ్చినప్పుడల్లా గోడపటంలో ఒక వరుస పెరుగుతున్నది. మొదటి వర్గం అంటే ‘ఇది కాన్సరు కలిగిస్తుందనే సాక్ష్యం గట్టిగా ఉన్నది’ అని మాత్రమే అర్థం. ఎంతమందికి, ఎంత మోతాదుకు కలిగిస్తుందో ఆ వర్గీకరణ చెప్పదు. చైనా పద్ధతిలో ఊరవేసిన ఉప్పుచేప ఆ వర్గంలో ఉన్నది. దానిని చదివి కొల్లేటి ఎండుచేపలన్నీ కాన్సరు కారకాలని పటంలో వ్రాయడం శాస్త్రం కాదు. పరీక్షించిన పదార్థం వేరు, తయారు చేసే పద్ధతి వేరు.

కాలుష్యం మాట వచ్చినప్పుడు ఏలూరువారికి 2020 డిసెంబరు జ్ఞాపకం రాక మానదు. ఆ నెల మొదటి వారంలో ఏలూరు పట్టణంలో ఉన్నట్టుండి జనం మూర్ఛలతో పడిపోయారు. కొన్ని రోజులలోనే ఆరువందలమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. రక్త పరీక్షలలో సీసం, నికెల్ కనబడినవని ఎయిమ్స్‌వారు చెప్పారు. పురుగుమందులను గురించి కూడా పరిశోధన జరిగినది. నీటినీ, కూరగాయలనూ పరీక్షించే ఏర్పాటు నిరంతరం ఉండాలని ఆ సంఘటన గట్టిగా చెప్పినది. ఐతే అది నేడు విషం తగిలితే నేడో రేపో లక్షణాలు బయటపడే తరహా వ్యాధి. కాన్సరు నడక వేరు. కారణం తగిలిన నాటికి, గడ్డ కనబడిన నాటికి నడుమ పది, ఇరవై, ముప్పై సంవత్సరాలు గడుస్తవి. అందుచేత నిన్న త్రాగిన నీటిని అనుమానించడం సులభం, ముప్పై ఏండ్లుగా కాల్చిన చుట్టను అనుమానించడం కష్టం. మన వీధిలో ముగ్గురికి కాన్సరు వచ్చినదనే మాట నిజమే కావచ్చు. అది ఒక కారణం వల్లనే అని చెప్పాలంటే వారి వయస్సులు, ఏ అవయవానికి వచ్చినది, అలవాట్లు, అంత జనాభాలో మామూలుగా ఎందరికి వస్తుంది అనే నాలుగు లెక్కలు కావాలి. ఈ నాలుగు ప్రశ్నలు అడగడం నేర్పితే విద్యార్థికి కాన్సరుతోపాటు శాస్త్రపద్ధతి కూడా వస్తుంది.

తొలిదశ అంటే ఎల్లప్పుడూ లాభమేనా?

ఇప్పుడు పటం అడుగున ఉన్న పెద్ద అక్షరాల వాక్యం. ‘తొలిదశలో కనుగొంటే కాన్సరు నయమవుతుంది.’ ఇది కొన్ని కాన్సరులకు నిజం, కొన్నింటికి సగం నిజం, కొన్నింటికి నిజం కాదు. ఈ సంగతి తెలియడానికి మన రైలు మార్గాన్నే ఉదాహరణగా తీసుకొందాము. రాజమండ్రినుండి విజయవాడ పోయే రైలు నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా పోతుంది. ఆ రైలును ఒకడు ఏలూరులో చూచాడు, ఇంకొకడు నిడదవోలులోనే చూచాడు. నిడదవోలువాడు ‘రైలును నేను చూచిన తరువాత అది చాలాసేపు నడిచినది’ అంటాడు. అది నిజమే. ఐతే రైలు విజయవాడ చేరిన వేళ ఒక్క నిమిషమైనా మారలేదు. అట్లే వ్యాధిని ముందుగా కనుగొన్నంతమాత్రాన, ‘కనుగొన్న తరువాత బ్రతికిన కాలం’ కాగితంమీద పెరుగుతుంది. మరణించే తేదీ మారినదా లేదా అన్నదే అసలు ప్రశ్న. తొలిదశవారిలో నూటికి ఇంతమంది ఐదేండ్లు బ్రతికారు అనే లెక్క ఒక్కటే ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఒకే విధమైన జనాన్ని రెండు భాగాలుగా చేసి, ఒక భాగంవారికి పరీక్షలు జరిపి, రెండవ భాగంవారితో మరణాల సంఖ్యను పోల్చాలి.

అట్లా పోల్చినప్పుడు విచిత్రమైన ఫలితాలు వచ్చినవి. చైనాలోని షాంఘై నగరంలో బట్టల మిల్లులలో పనిచేసే 2,66,064 మంది స్త్రీలలో సగం మందికి తమ రొమ్ములను తామే పరీక్షించుకొనే పద్ధతి శ్రద్ధగా నేర్పారు. 2002లో ప్రకటించిన లెక్కలో నేర్చుకొన్నవారిలో రొమ్ము కాన్సరు మరణాలు 135, నేర్వనివారిలో 131. ప్రమాదం లేని గడ్డలను అనవసరంగా కోసి చూడడం మాత్రం నేర్చుకొన్నవారిలో పెరిగినది. దక్షిణ కొరియాలో ఆరోగ్యవంతుల మెడలను ధ్వనితరంగాల యంత్రంతో విరివిగా పరీక్షించడం మొదలైన తరువాత, థైరాయిడ్ కాన్సరు 1993తో పోల్చితే 2011 నాటికి పదిహేను రెట్లు పెరిగినది. మరణాలు మాత్రం తగ్గలేదు. ఎన్నడూ ప్రాణం తీయని చిన్న గడ్డలు వెలికివచ్చి, వేలమంది శస్త్రచికిత్సల పాలయ్యారు.

ఇది చదివి పరీక్షలే దండుగ అని తీర్మానించడం మరింత పెద్ద పొరపాటు. మన దేశంలోనే జరిగిన పరిశోధనలు ఏ పరీక్ష ఎవరికి మేలు చేస్తుందో స్పష్టంగా చెప్పినవి. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన పరిశోధనలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వెళ్లి నోళ్లు పరీక్షించారు. 2005లో వచ్చిన ఫలితం ప్రకారం పొగాకు, మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి కాన్సరు మరణాలు నూటికి 34 వంతున తగ్గినవి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,746 మంది స్త్రీలమీద జరిగి 2009లో వెలువడిన పరిశోధనలో, జీవితంలో ఒక్కసారి వైరసు పరీక్ష చేసినా గర్భాశయ ముఖద్వార కాన్సరు మరణాలు దాదాపు సగానికి తగ్గినవి. బొంబాయి మురికివాడలలో శిక్షణ పొందిన స్త్రీలు రెండేండ్లకొకసారి చేతితో రొమ్ము పరీక్ష జరిపిన కార్యక్రమం ఇరవై ఏండ్ల ఫలితాలు 2021లో వచ్చినవి. యాభై ఏండ్లు, ఆపై వయస్సువారిలో రొమ్ము కాన్సరు మరణాలు నూటికి దాదాపు 30 వంతున తగ్గినవి. అంతకంటే చిన్నవారిలో తగ్గినట్లు రుజువు కాలేదు.

కనుక ‘తొలిదశలో కనుగొనండి’ అనే ఒక్క వాక్యం చాలదు. ఏ అవయవం, ఏ పరీక్ష, ఏ వయస్సు అనే మూడు మాటలు దానికి తోడు కావాలి. రొమ్ములో కొత్తగా గడ్డ తగిలిన స్త్రీ, ఆమెకు ఎంత వయస్సు ఉన్నా, వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి. షాంఘై ఫలితం ఆమెకు అడ్డు కాదు. గడ్డ కనబడిన స్త్రీని త్వరగా పరీక్షించడం, గడ్డలేని లక్షమందికి నెలనెలా వెతుకులాట నేర్పడం రెండూ వేరు అని చెప్పినాము గదా.

నింద అనే అదనపు భారం

పటంలో కనబడని లోపం మరొకటి ఉన్నది. ‘మంచి అలవాట్లు ఉంటే కాన్సరు రాదు’ అని చెప్పడంతో, వచ్చినవారికి చెడు అలవాట్లు ఉండి ఉంటవి అనే భావం పిల్లల మనస్సులో నాటుకొంటున్నది. కాన్సరులలో నూటికి ముప్పై నుండి యాభై వరకు నివారించదగినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. ఇది గొప్ప ఆశ కలిగించే సంఖ్యే. మిగిలిన సగమో, అంతకు పైనో ఎవరి తప్పూ లేకుండా వచ్చేవి అని కూడా అదే సంఖ్య చెబుతున్నది.

మన గోదావరి జిల్లాల ఉపన్యాసాలలో భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు గర్వంగా తలచుకొంటాము. ఆయన నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలలో తయారైన అమినాప్టెరిన్ మందుతో, 1948లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తకాన్సరు వచ్చిన పిల్లలలో కొంతకాలమైనా వ్యాధిని వెనుకకు తగ్గించగలిగాడు. ఆ పిల్లలు చుట్ట కాల్చినవారు కారు, వక్క నమిలినవారు కారు. వారి వ్యాధి ఏ ఏడు హెచ్చరికల పటంతోను ఆగేది కాదు. వారిని కాపాడవలసినది మందే. సుబ్బారావుగారిని తలచుకొనే పాఠం ఈ సంగతి కూడా చెప్పాలి. తరగతిలో ఒక విద్యార్థి ఇంట్లో ఈ వ్యాధి ఉన్నప్పుడు, ఆ బాలుడు పటం వైపు చూచి తన తండ్రినో తల్లినో నేరస్థులుగా భావించే స్థితి రాకూడదు.

ఖమ్మం చెప్పిన పాఠం

నివారణలో అన్నిటికంటె బలమైనది ఒకటి నేరుగా పాఠశాలకే సంబంధించినది. పాపిల్లోమా వైరసుకు టీకా ఉన్నది. స్వీడన్‌లో 2020లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, పదిహేడేండ్ల లోపల టీకా వేయించుకొన్నవారిలో గర్భాశయ ముఖద్వార కాన్సరు నూటికి 88 వంతున తగ్గినది. అప్పటికే సోకిన వైరసును టీకా తొలగించలేదు. అందుకే దానిని 9-14 ఏండ్ల వయస్సులో వేస్తారు. పుణే సీరం సంస్థ తయారు చేసిన దేశీయ టీకాకు 2022లో అనుమతి వచ్చినది. మన దేశంలో 2022లో ఈ కాన్సరు సోకినవారు 1,27,000కు పైగా, మరణించినవారు 80,000కు దగ్గరగా ఉంటారని అంచనా. ఇన్ని ప్రాణాల ప్రశ్న గనుక టీకా మాట పటంలో తప్పక ఉండాలి.

ఐతే ఈ టీకా చరిత్రలో మన పొరుగు జిల్లా పేరు ఉన్నది. ఏలూరు జిల్లాకు ఉత్తరపు సరిహద్దుగా ఉన్న ఖమ్మం జిల్లాలో 2009 జూలైలో ఒక అంతర్జాతీయ సంస్థ ఆధ్వర్యంలో సుమారు 14,000 మంది బాలికలకు ఈ టీకా వేసే ప్రదర్శన కార్యక్రమం మొదలైనది. గుజరాత్‌లోని వడోదరలోను ఇట్టిదే జరిగినది. రెండు రాష్ట్రాలలో కలిసి ఏడుగురు బాలికలు మరణించారని తెలియగానే ఆందోళన చెలరేగి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయినది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అందులో పాముకాటు, నీట మునగడం వంటివి ఉన్నవి. ఐనా అంతటితో సంగతి ముగియలేదు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం నివేదిక సమ్మతి పత్రాల తీరును తీవ్రంగా ఖండించినది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాలలో 2,763 పత్రాలపై సంతకాలు చేసినది హాస్టలు వార్డెన్లు. తల్లిదండ్రులు కారు.

ఈ సంఘటననుండి ఇద్దరు తప్పు పాఠం నేర్చుకొంటున్నారు. టీకా ప్రమాదకరమని ఒకరు, సంతకం ఒక లాంఛనమేనని మరొకరు. రెండూ సరికావు. టీకా మంచిదైనంత మాత్రాన అడగకుండా వేయడం ఒప్పు కాదు. అడగకుండా వేసినందువల్ల టీకా చెడ్డదీ కాదు. తల్లిదండ్రులకు తెలిసే మాటలలో, సందేహాలకు జవాబు చెప్పి, వారి సమ్మతి తీసుకోవడం వైద్యంలో భాగమే. అది ఖమ్మంలో లోపించినందువల్ల మంచి టీకామీద నమ్మకం పోయి, ఆ నష్టం మళ్లీ ఆ బాలికలకే కలిగినది. పాఠశాలకు ఇట్టి కార్యక్రమం వచ్చినప్పుడు, తల్లికి అర్థమయ్యేట్లు చెప్పగలిగినవాడు ఉపాధ్యాయుడే. ఆమె బదులు సంతకం చేయకూడనివాడు కూడా అతడే.

పటం ఎట్లా ఉండాలి?

విమర్శించినవాడు మెరుగైనది చూపాలని అడగడం న్యాయమే. మన ప్రాంతపు పటంలో పీత బొమ్మ అక్కరలేదు. పటాన్ని నాలుగు గళ్లు చేయవచ్చు. మొదటి గడిలో రానీయకుండా చేసేవి - పొగాకు ఏ రూపంలోను వద్దు, వక్క వద్దు, మద్యం వద్దు, వయస్సులో ఉన్న బాలికలకు తల్లిదండ్రుల సమ్మతితో టీకా. రెండవ గడిలో బాధ లేకపోయినా చేయించుకోవలసినవి - ముప్పై ఏండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు, పొగాకు అలవాటు ఉన్నవారికి మరింత శ్రద్ధగా నోటి పరీక్ష. టీకా వేయించుకొన్నవారికి కూడా పెద్దయిన తరువాత ఈ పరీక్ష అవసరమే. మూడవ గడిలో కనబడిన వెంటనే వైద్యునికి చూపవలసిన లక్షణాలు - ఆ పాత ఏడింటికి చోటు ఇక్కడ. నాలుగవ గడిలో ఒకే ఒక వాక్యం: ఈ వ్యాధి వచ్చినవారు తప్పు చేసినవారు కారు, చికిత్స ఉన్నది.

శ్రీకాకుళం పరిశోధన అంగిలి మచ్చలను లెక్కపెట్టడంతో ఆగిపోలేదు. తరువాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాలలో 36,000కు పైగా పొగాకు వాడేవారిని కలుసుకొని, ఒక్కొక్కరి నోటిలోని మార్పును వారికే చూపి, మానవలసినదిగా సంవత్సరాల తరబడి బోధించారు. అట్టి బోధన లేని పూర్వపు లెక్కలతో పోల్చినప్పుడు మానినవారు పెరిగారు, కొత్తగా మచ్చలు వచ్చేవారు తగ్గారు. 1986లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితం వెలువడినది. అక్కడ పనిచేసినది గోడపటం కాదు. ఇంటి అరుగుమీద కూర్చుని, నోరు తెరవమని, చూచినది చూచినట్లు చెప్పిన మనిషి. ఆ పనిలో మొదటి మెట్టుగా, ఉపాధ్యాయులు ఈ వారం విద్యార్థులకు ఒక ఇంటిపని ఇవ్వవచ్చు. ఇంట్లో ముప్పై దాటినవారు ఎందరు, వారిలో ఏ పరీక్ష అయినా ఎన్నడైనా చేయించుకొన్నవారు ఎందరు అని అడిగి, పేర్లు లేకుండా అంకెలు మాత్రమే వ్రాసి తెమ్మనాలి. ఆ అంకెలను నల్లబల్లమీద కూడితే, తమ ఊరు ఎక్కడ ఉన్నదో తరగతికే తెలుస్తుంది.